తెలియదన్నా ఒకటే

నెల్లూరు పెద్దాసుపత్రి, రాత్రి రెండుంపావు.
రామతీర్థం వైపు నుంచి నూట ఎనిమిది
తుపాకుల పోలయ్యని దించి వెళ్ళిపోయింది.
రొయ్యల గుంట కాపలా మనిషి.
పిక్కల దాకా ఉప్పు బురద.
కుడి అరచేతిలో షెడ్డు తాళంచెవి పళ్ళ గుర్తు:
ఇనుము పట్టిస్తే ఆగుతుందని ఎవరో పట్టించారు.
ఆగలేదు.

ఎంతసేపైంది అని అడిగాను.
అంకమ్మ దగ్గర గడియారం లేదు.
"రెండో ఏరేటరు కాడ పడ్డాడు మా.
కరెంటేమోనని ఉరికి నాలుగూ ఆపినా.
గట్టెమ్మడి రోడ్డు దాకా పోయి, ఫోను చేయించి
మళ్ళా వొచ్చినా కొట్టుకుంటానే ఉండాడు."
కేసుషీటులో రాశాను: నలభై నిమిషాల పైన.

లొరాజెపామ్ రెండుసార్లు.
ఫెనిటోయిన్ ఎక్కుతోంది.
చేతులు ఆగాయి.
రెప్పల కింద ఏదో ఇంకా ఆగలేదు.

నాలుగు ప్రశ్నల లెక్క ఒకటుంది మాకు,
బతుకుతాడా అన్న మాటని
ఆ మాట పలక్కుండా అడిగే లెక్క.
తెలివిలో ఉన్నాడా? లేడు. ఒకటి.
ఒళ్ళంతా కొట్టుకుందా? కొట్టుకుంది. ఇంకొకటి.
అరవై ఐదు నిండాయా?
ఆధార్ కార్డు, జనవరి ఒకటి,
అరవై ఏడు అంది. రెండు.
ఇంతకుముందు ఎప్పుడైనా ఫిట్సు వచ్చాయా?
"ఎన్నడూ ల్యా," గోడకేసి చూస్తూ అంది.
రాలేదంటే ఒకటి.
తెలియదన్నా ఒకటే.

ఆరుకి ఐదు.
బళ్ళో అయితే చాక్లెట్లు పంచే మార్కులు.

ఐదొస్తే ఎలా మాట్లాడాలో నేర్పారు మాకు.
ముందు కూర్చోబెట్టాలి. గొంతు తగ్గించాలి.
నేను తగ్గించాను.
మాట రాకముందే ఆ తగ్గడం విన్నది అంకమ్మ.
నా తెల్లకోటు అంచు పట్టుకుంది.

"చిన్నప్పట్నించీ ఉండాయి మా.
బిళ్ళలు అయిపోయి నెలైంది.
నీళ్ళ కాడ కాపలాకి
మూర్ఛ మనిషిని ఎవురు పెట్టుకుంటారు?
తెలిస్తే తెల్లారే గుడిసె పీకిస్తారు.
ఓనరుకి మాత్రం చెప్పబాక."

మరి వయసు?

"అదీ పింఛనుకి ఎక్కిచ్చిందే.
పెద్ద గాలివాన నాటికి
ఈయనకింకా మీసం రాలా."
ఎనభై నాలుగమ్మా అది, అన్నాడు
స్ట్రెచరు తోసే మస్తానయ్య, నిద్రకళ్ళతోనే.
అరవై కూడా రాలేదన్నమాట.

ఒకటి కొట్టేశాను. రెండు కొట్టేశాను.
ఐదు కాస్తా రెండైంది.
రెండంటే మా భాషలో, ఫరవాలేదు.
నలభై ఏళ్ళు చీర కొంగున ముడేసి దాచిన జబ్బు
ఇవాళ ఆయన పక్షాన సాక్ష్యం చెప్పింది.
పాత రోగి తేరుకుంటాడంటుంది లెక్క,
కొత్తగా పడ్డవాణ్ణే అనుమానిస్తుంది.

మంచం మీద మాత్రం ఏమీ మారలేదు.
అదే సెలైను, అదే బొట్టు,
అదే నూట పద్దెనిమిది నాడి.
ఐదప్పుడు ఎలా పడుకున్నాడో
రెండప్పుడూ అలాగే పడుకున్నాడు.

ఈ లెక్క కట్టిన ఊళ్ళో
మనుషులందరికీ పుట్టినరోజులుంటాయి కాబోలు.
జబ్బు పేరు చెప్పినందుకు
ఎవరి గుడిసే లేవదు కాబోలు.

ఐదున్నరకి, రెప్పల కింది ఆ కదలిక
ఎప్పుడు ఆగిందో నేను చూడలేదు.
వేళ్ళు మాత్రం ముడుచుకుని
అరచేతిలో దేనికోసమో వెతికాయి.
అంకమ్మ తాళంచెవి పెట్టబోయి
నా వైపు చూసి, తన వేలు పెట్టింది.

ఆరు దాటాక బుల్లెట్ దిగి ఓనరు వచ్చాడు.
ఏరేటర్లు ఆగి ఎంత సరుకు తేలిందో
వార్డంతా వినేలా చెప్పాడు.
తర్వాత నన్నడిగాడు:
"ఈడికి ఇది ముందు నుంచీ ఉందా డాక్టరమ్మా?"

కేసుషీటు బోర్లించి
తెలియదన్నాను.